పెడలు సగమే తొక్కాలి

మా ముందుగదిలో కిటికీ పక్కనున్న కీబోర్డు పదకొండేళ్ళపాటు బల్లగా పనికొచ్చింది. నవ్వుకోకండి, నిజం! దానిమీద పాత దుప్పటి కప్పి, కుట్టాల్సిన జాకెట్టు గుడ్డలు ఓ పక్కన, కుట్టడం అయిపోయినవి ఓ పక్కన పెట్టేదాన్ని. జాకెట్లకి వచ్చినవాళ్ళు "అదేమిటండీ దుప్పటి కింద?" అని అడిగితే, "మా అమ్మాయి పియానో నేర్చుకునేది లెండి" అని చెప్పి మాట మార్చేసేదాన్ని. ఆ 'నేర్చుకునేది' అన్నమాట దగ్గర గొంతులో ఏదో అడ్డంపడేది. ఎందుకో చెప్పాలంటే మొదటినుంచీ రావాలి.

మాది సికింద్రాబాదు. మావారిది చిన్న ఉద్యోగం. నేను ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. పెళ్ళయిన కొత్తలో కాలితో తొక్కే మిషను ఉండేది, 2004లో దానికి మోటారు పెట్టించుకున్నాను. మాకు ఒక్కతే కూతురు. దాని స్కూల్లో ప్రార్థన హాల్లో పాత పియానో ఒకటి ఉండేది. రోజూ దాని చుట్టూ తిరిగి తిరిగి, పదకొండో ఏట "అమ్మా, నేనది నేర్చుకుంటా" అంది. మా వెనక వీధిలో ఒక ఆంగ్లో ఇండియన్ ఆవిడ ఇంట్లో పియానో చెప్పేవారు. పిల్లలందరూ 'మిస్' అంటారు, నేనూ అలాగే అంటాను. మా అత్తగారు మాత్రం "వీణ నేర్పించక ఈ చెక్కపెట్టె ఏమిటే!" అని నాలుగురోజులు సణిగి ఊరుకున్నారు.

నేర్చుకోవడానికి వారానికి రెండుసార్లు మిస్ ఇంటికి పంపితే చాలదు కదా, ఇంట్లో వాయించుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. నిజం పియానో కొనే స్తోమత మాకెక్కడిది? 2009లో వాయిదాల మీద 18,000 పెట్టి కీబోర్డు కొన్నాం. అప్పట్లో నేను మామూలు జాకెట్టుకి 60 రూపాయలు తీసుకునేదాన్ని. ఎన్ని జాకెట్లో మీరే లెక్కేసుకోండి. కొట్టులో అబ్బాయి ప్యాకింగు చేస్తూ నల్లటి చిన్న పెడలు ఒకటి అందులో పడేసి, "ఇది ఫ్రీ అమ్మా" అన్నాడు. ఫ్రీ అంటే ఎవరు వద్దంటారు! సంతోషంగా తెచ్చుకున్నాం.

పిల్ల బాగానే వాయించేది. లండన్ నుంచి నడిపే గ్రేడు పరీక్షలు రెండు రాసి పాసయింది కూడా. 2011లో, దానికి పదమూడేళ్ళప్పుడు, డిసెంబరులో మిస్ తన పిల్లలందరిచేతా ఒక సాయంకాలం వాయింపించాలనుకున్నారు. మా అమ్మాయికి బీథోవెన్ 'మూన్‌లైట్ సొనాటా' మొదటి భాగం ఇచ్చారు. మీరు విననే ఉంటారు. సినిమాల్లో, టీవీలో ఎన్నోచోట్ల వస్తుంది. ఎడంచెయ్యి అడుగున బరువుగా ఒక స్వరం పట్టుకుంటుంది, కుడిచెయ్యి పైన మూడేసి స్వరాలు నెమ్మదిగా దొర్లిస్తూ పోతుంది. వేళ్ళకి అంత కష్టం కాదు. కష్టమంతా కాలికే.

ఆ కష్టమేమిటో నాకప్పుడు తెలియదు. మిస్ నోటుబుక్కులో ప్రతివారం ఎర్రసిరాతో 'హాఫ్ పెడల్, ప్రాక్టీస్!' అని రాసి పంపేవారు. కింద రెండు గీతలు. నేను ఆ పుస్తకం చూడటం, "చూడు, మళ్ళీ రాశారు. రేపటినించి గంట కాదు, రెండు గంటలు కూర్చో" అనడం. అది కూర్చునేది. పక్కగదిలో నా మిషను చప్పుడు, ఈ గదిలో దాని పియానో చప్పుడు.

ఒకరోజు అది నా దగ్గరకొచ్చి, "అమ్మా, సగం తొక్కితే ఏమీ అవడంలేదే" అంది. ఆ మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. నేను మిషను మీదనుంచి తలెత్తకుండానే, "ఏమీ అవకపోవడమేమిటి? శ్రద్ధలేక" అన్నాను. పండక్కి ముందు రోజులు, చేతినిండా పని... అని ఇప్పుడు నాకు నేను చెప్పుకోవచ్చుననుకోండి.

ఆ సాయంత్రం రానే వచ్చింది. పిల్లకి తెల్లగౌను నేనే కుట్టాను. కొత్త బూట్లు. హాలునిండా తల్లిదండ్రులు. మొదటి నాలుగు గీతలూ బాగానే వచ్చాయి. తర్వాత ఏమయిందో, స్వరాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఒకే కుండలో పులుసూ పాయసమూ పోసినట్టు అలుక్కుపోయింది. అది గమనించుకుని కాలు తీసేసింది. తీసేస్తే వెంటనే అంతా పొడిపొడిగా ముక్కలయిపోయింది. మళ్ళీ తొక్కింది, మళ్ళీ అలుక్కుంది. సగంలో ఆపేసి లేచి నిలబడిపోయింది. అందరూ పాపం అని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు లేకపోయినా బాగుండేది.

ఇంటికి ఆటోలో వస్తూ బూట్ల వంక పెట్టి మొదలుపెట్టాను. అది మాట్లాడలేదు. అది మాట్లాడకపోవడంతో నాకు కోపం పెరిగింది. "నేను పొద్దస్తమానం మిషను తొక్కి నీకు ఫీజు కడుతున్నాను. నువ్వు ఒక్క పెడలు తొక్కలేకపోయావా?" అన్నాను. మావారు నా మోచెయ్యి నొక్కారు. అప్పటికే అనేశాను.

ఆ తర్వాత నెలరోజులకి "టెన్తుకి ఇప్పటినుంచే చదువుకోవాలమ్మా" అని పియానో మానేసింది. నేనూ బలవంతపెట్టలేదు. అదుగో, అప్పుడు ఎక్కింది ఆ దుప్పటి!

ఇక 2023 సంగతి. మిస్‌కి డెబ్బయి దాటాయి. ఆవిడ గౌన్లు రెండు వదులైపోయాయని, కాస్త పట్టించుకుందామని మా ఇంటికొచ్చారు. అన్నేళ్ళలో ఆవిడ మా గడప తొక్కడం అదే మొదలు. కొలతలు తీసుకుంటుంటే ఆవిడ కళ్ళు దుప్పటి మీద పడ్డాయి. "ఆ పిల్లదేనా?" అన్నారు. అవునన్నాను. "ఒక్కసారి చూడనా?" అన్నారు. జాకెట్లన్నీ తీసి మంచంమీద పెట్టి, దుమ్ము దులిపి, ప్లగ్గు పెట్టాను. పాడయిపోయి ఉంటుందనుకున్నాను. పలికింది!

మిస్ నిలబడే నాలుగు స్వరాలు వాయించి, కాలితో పెడలు వెతికి తొక్కారు. మళ్ళీ తొక్కారు. ఈసారి కళ్ళు మూసుకుని చాలా నెమ్మదిగా, వెంట్రుకవాసి చొప్పున దించి, వెంట్రుకవాసి చొప్పున ఎత్తారు. ఆ తర్వాత కుర్చీలో కూలబడి, "ఇదేనా? ఆ పిల్ల ఇంట్లో ప్రాక్టీసు చేసింది దీనిమీదేనా?" అన్నారు.

"అవునండీ. ఏం?"

"దీనికి సగం లేదమ్మా. ఇది స్విచ్చి."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ గోడమీది లైటు స్విచ్చి చూపించారు. నొక్కితే వెలుగుతుంది, లేకపోతే ఆరుతుంది. సగం నొక్కితే సగం వెలుగు రాదు కదా! ఈ పెడలూ అంతే. సగం దాకా దించినా, అడుగంటా తొక్కినా కీబోర్డుకి చేరే కబురు ఒకటే, 'ఉంది' లేదా 'లేదు'. మధ్యలో ఇంకేమీ లేదు.

"సగం తొక్కితే ఏమీ అవడంలేదే" అని పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. రోజుకి రెండు గంటలు కూర్చోబెట్టి, లేనిదాన్ని తొక్కమన్నాను నేను.

మిస్ కూడా చాలాసేపు మాట్లాడలేదు. "ఇంట్లో ఏం పెట్టుకుందని నేనొక్కసారైనా అడగలేదు. ఎర్రసిరాతో గీతలు కొట్టాను, అంతే" అన్నారు. ఆ రోజు గౌన్ల కొలతలు సగంలో ఆగిపోయాయి.

మర్నాడు ఆవిడే కబురుచేశారు. వెళ్తే తన పియానో ముందు చెక్క ఊడదీసి లోపలంతా చూపించారు. ఇల్లు సర్దుకోవడమంత సులువుగా చెప్పారావిడ, అందుకే నాలాంటిదానికీ బుర్రకెక్కింది. మీకూ చెబుతాను. పియానోకి 88 మెట్లు ఉంటాయి. మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి తీగెని కొడుతుంది. తీగె ఊరికే మోగుతూ ఉండకుండా చాలా స్వరాలకి ఒక్కో ఉన్నిగుడ్డ మెత్త ఆనుకుని ఉంటుంది. మెట్టు నొక్కినప్పుడు ఆ ఒక్క మెత్త పక్కకి తప్పుకుంటుంది, వేలు తీస్తే మళ్ళీ వచ్చి ఆనుకుంటుంది, మోత ఆగిపోతుంది. కుడికాలి పెడలు తొక్కితే మెత్తలన్నీ ఒకేసారి తప్పుకుంటాయి. ఇక ఏ స్వరం వాయించినా మోగుతూనే ఉంటుంది. పైగా వాయించని తీగెలు కూడా వాటితో కలిసి సన్నగా పలుకుతాయి. (ఉన్నిగుడ్డ కాబట్టి చిమటలు తినేస్తాయిట. పట్టుచీరలకే అనుకున్నాను ఆ బెడద!)

"మరి మోగుతూ ఉంటే మంచిదే కదండీ, మా తంబూరా అలాగే కదా మోగుతుంది?" అన్నాను. చిన్నప్పుడు నాలుగు కీర్తనలు నేర్చుకున్న గొప్ప నాది. మిస్ నవ్వి, తంబూరా ఎప్పుడూ ఒక్క శ్రుతినే మోగిస్తుంది, ఇందులో అడుగున ఉన్న స్వరాల గుంపు మారిపోతూ ఉంటుంది, పాతది ఆరకముందే కొత్తది వచ్చి పడితే రెండూ కొట్టుకుంటాయి అన్నారు. సరిగ్గా ఆ డిసెంబరు సాయంత్రం జరిగింది అదేగా.

అలాగని ప్రతిసారీ పూర్తిగా ఎత్తేస్తే అడుగున పట్టి ఉంచాల్సిన గంభీరమైన మోత కూడా తెగిపోతుంది. అందుకే సగం. పెడలు సగంలో ఉంటే మెత్తలు తీగెల్ని వదిలీ వదలకుండా ఊరికే రాసుకుంటూ ఉంటాయి. పై స్వరాల తీగెలు సన్నవి, ఆ మాత్రం తగిలితేనే త్వరగా ఆరిపోతాయి. అడుగు స్వరాల తీగెలు రాగి చుట్టిన లావుపాటివి. వాటి ఊపు అంత తేలిగ్గా ఆగదు. అంటే పైనున్న మసక పోతుంది, కింది మోత మిగులుతుంది. చారు తేరుకున్నాక పైతేట వంచుకున్నట్టు అనుకున్నాను నేను, కాకపోతే ఇక్కడ అడుగుదే మనకి కావలసింది.

బీథోవెన్ ఈ పాటని 1801లో రాశాడు, 1802లో అచ్చయింది. 'మూన్‌లైట్' అన్న పేరు ఆయన పెట్టింది కాదు, ఆయన పోయాక వచ్చింది. మొదటి భాగమంతా ఎంతో సుకుమారంగా, మెత్తలు ఆనకుండా వాయించాలని ఆయనే పైన రాశాడట. అంటే పెడలు దించే ఉంచమని. అప్పటి పియానోల్లో మోత త్వరగా ఆరిపోయేది కాబట్టి చెల్లింది. ఆ రోజుల్లో వియన్నాలో చేసిన చాలా పియానోలకి కాలికింద పెడలు కూడా కాదు, మోకాలితో ఎత్తే మీట ఉండేదిట. ఇప్పటి పియానోలో మోత చాలాసేపు నిలుస్తుంది. ఆయన చెప్పినట్టే అక్షరాలా చేస్తే అంతా బురదవుతుంది. పూర్తిగా మారుస్తూ పోతే ఆయన అడిగిన ఆ మసక వెలుగు పోతుంది. అందుకని ఇవాళ చాలామంది మధ్యేమార్గంగా సగం పెడలుతో నడిపిస్తారు. దెబ్యుస్సీ 1910లో రాసిన మునిగిపోయిన చర్చి పాట అయితే మరీనట. అడుగు స్వరం మీంచి చేతులు రెండూ పైకి వెళ్ళిపోతాయి, కింద మోత నిలబెట్టే భారమంతా ఒక్క కాలిదే.

"కూర్చోండి, మీరే తొక్కి చూడండి" అన్నారు మిస్. నాకా! యాభయ్యారేళ్ళ వయసులో! చెప్పులు బయటే విడిచాను కాబట్టి ఉత్తికాలు పెట్టాను. మడమ నేలకి ఆనించి, వేళ్ళ కింది మెత్తటి భాగం పెడలు మీద. అడుగంటా తొక్కించి, అడుగు స్వరం ఒకటి గట్టిగా కొట్టి వదిలేయించారు. గదంతా మోగింది. "ఇప్పుడు కాలు నెమ్మదిగా పైకి. ఇంకా... ఇంకా... మోత పల్చబడగానే ఆపండి."

చిత్రమేమిటంటే నాకది రెండోసారికే దొరికింది. మిస్ ఆశ్చర్యపోయారు. నేను మాత్రం కాదు, నా కాలికది తెలుసు! మోటారు మిషను పెడలు కొంచెం నొక్కితే నెమ్మదిగా, గట్టిగా నొక్కితే వేగంగా పరుగెత్తుతుంది. మెడ వంపు తిప్పేటప్పుడు, చంకలో గుడ్డ ముడతపడకుండా కుట్టేటప్పుడు నేను చేసేది ఈ సగం తొక్కుడే. కారు నడిపేవాళ్ళు ఎత్తుమీద హాఫ్ క్లచ్చి పట్టడం అంటారే, అదీ ఇలాంటిదేనని మావారన్నారు. ఏళ్ళ తరబడి నేను రోజూ చేస్తున్న పనే మా పిల్లకి చేతకాలేదని ఆటోలో అన్నాను. నా మిషనుకి సగం ఉంది. దాని కీబోర్డుకి లేదు. అంతే తేడా.

గౌన్లు కుట్టినందుకు మిస్ దగ్గర డబ్బు తీసుకోలేదు. ఆవిడ వారానికో గంట నాకు పాఠం చెబుతానన్నారు. అలా మొదలయింది. నా వేళ్ళు మొద్దువి, రెండు చేతులూ కలిసి వాయించడం ఇప్పటికీ సరిగ్గా రాదు. కాలు మాత్రం మాట వింటుంది. పెడలు పైభాగంలో కొంతదూరం ఖాళీగా దిగుతుంది, అక్కడ ఏమీ జరగదు. ఆ కింద సన్నటి జాగాలో మెత్తలు కదలడం మొదలెడతాయి. ఆ జాగా ఒక్కో పియానోకి ఒక్కోచోట ఉంటుంది, కొలబద్ద పెట్టి గుర్తు చేసుకునేది కాదు. "కాలితో కాదు, చెవితో తొక్కాలి" అంటారు మిస్. కొన్నిచోట్ల పాదాన్ని వణికించినట్టు పైపైన ఆడించి మోతని కొంచెం కొంచెంగా తగ్గించాలి కూడా. అది నాకింకా రాలేదు, పిక్క పట్టేస్తోంది.

ఈలోగా చెయ్యాల్సిన అసలు పని వాయిదా వేస్తూ వచ్చాను. అమ్మాయి పుణేలో ఉద్యోగం చేస్తోంది. రోజూ ఫోను చేస్తుంది. "తిన్నావా, పడుకున్నావా" అయిపోతాయి గానీ ఈ మాట నోటికి రాదు. చివరికి ఒక ఆదివారం ఎలా మొదలుపెట్టానో నాకే తెలియదు. "అమ్మడూ, ఆ పెడలు స్విచ్చిటే. దానికి సగం లేదుట" అన్నాను. అవతల చప్పుడు లేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"నేను చెప్పానమ్మా నీకు" అంది.

"చెప్పావే. నేను తలెత్తలేదు."

మళ్ళీ కాసేపు ఏమీ లేదు. "నాకు కాలు సరిగ్గా లేదేమో అనుకునేదాన్ని తెలుసా" అంది. "స్కూల్లో ఆటల్లో కూడా ఆ కాలు వెనక్కి పెట్టేదాన్ని." ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆటోలో నేనన్న మాట అదీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తప్పయిందని మాత్రం చెప్పాను. "సరేలే, పడుకో" అంది.

2024 సంక్రాంతికి వచ్చింది. కనుమనాడు నేనే అడిగాను, మిస్ దగ్గరకి వస్తావా అని. వస్తుందనుకోలేదు. వచ్చింది. మిస్ దాన్ని పట్టుకుని ఏడ్చారు. అది ఏడవలేదు, మొండిది. పియానో ముందు కూర్చుని కుడికాలు పెడలు మీద పెట్టి చాలాసేపు ఊరికే ఉంది. తర్వాత అడుగు స్వరం ఒక్కటి కొట్టింది. కాలు నెమ్మదిగా ఎత్తింది. మోత పల్చబడి, అలాగే సన్నగా నిలబడింది.

"ఓ, ఇదా" అంది.

నాలుగు గీతలు వాయించింది. వేళ్ళు తప్పులు పోయాయి, పన్నెండేళ్ళయింది మరి. అలుక్కోలేదు, తెగలేదు. అయిదో గీత గుర్తులేదని ఆపేసి, "అమ్మా, నువ్వు తొక్కు చూస్తాను" అంది. నేను కూర్చున్నాను. నా వేళ్ళు చూసి పడీపడీ నవ్వింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, "ఆ కీబోర్డు అమ్మేద్దామా?" అంది. ఎవరైనా పిల్లలకి కొనుక్కుంటారు కదా అని. నాకు మనసొప్పలేదు. "కొన్నవాళ్ళకీ సగం ఉండదు కదే. మంచి పెడలు కొని తగిలించి ఇద్దామా?" అన్నాను. అది చదువుకున్న పిల్ల కదా, వివరంగా చెప్పింది. ఎంత దించామో కొలిచి చెప్పే పెడళ్ళు వేరే ఉంటాయిట, అవి సున్నా నుంచి 127 దాకా అంకెలు పంపిస్తాయిట. అయితే ఆ అంకెలు అర్థం చేసుకునే తెలివి కీబోర్డుకి కూడా ఉండాలి. మాదానికి లేదు. పెడలొక్కటి మార్చి లాభంలేదు. మీలో ఎవరైనా పిల్లలకి కొనేటట్టయితే కొట్టులోనే ఒక స్వరం కొట్టి, పెడలు అడుగంటా తొక్కి, నెమ్మదిగా ఎత్తి చూడండి. మోత కొంచెం కొంచెంగా పల్చబడితే సరే. ఒక్కసారిగా తెగిపోతే అది స్విచ్చే. మొదటి ఒకటి రెండేళ్ళకి అదీ పనికొస్తుంది, కానీ అది స్విచ్చని నేర్పే టీచరుకి తెలియాలి.

"అయితే చెప్పి అమ్ము" అంది అమ్మాయి.

ఇంటికొచ్చాక అదే ఒక అట్టముక్క కత్తిరించి, పెద్ద అక్షరాలతో 'ఈ పెడలు స్విచ్చి మాత్రమే, సగం తొక్కితే పలకదు' అని రాసింది. నేను ఆ అట్టని పెడలుకి దారంతో కట్టాను. మార్చిలో తార్నాక నుంచి ఒకావిడ తన ఎనిమిదేళ్ళ బాబుకోసం వచ్చి 4,000కి తీసుకెళ్ళారు. అట్ట ఊడిపోకుండా ఇంకో రెండు ముళ్ళు వేసి ఇచ్చాను.